మండలం (41 రోజుల) నడక: స్టెంటు పడ్డ గుండెతో విరాళాల కోసం నడవాలంటే

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషిని. ఊరు నెల్లూరు. గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి. మా బంధువులంతా "స్టంటు వేశారంట గదా" అంటారు, అదేదో సినిమా ఫైటు అయినట్టు. దిద్దీ దిద్దీ నేనే విసిగిపోయి మానేశాను. గుండెకు తీసే ఎకో స్కానింగులో పంపింగు (గుండె రక్తాన్ని బయటికి నెట్టే శక్తి) 40 శాతం వచ్చింది. బాగున్న గుండెకి 55, ఆ పైన ఉంటుంది.

మా వీధి చివర టైలరు కూతురికి ఆరేళ్ళు. గుండెలో రంధ్రం. ఆ కుటుంబం కోసం నడిచి డబ్బు పోగుచేద్దామని రెండుసార్లు దిగాను. మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది. చెడిన కథ ముందు చెప్తాను, ఎందుకంటే కింద రాసినదంతా ఆ దెబ్బ తిన్నాక నేర్చుకున్నదే.

మొదటిసారి ఏప్రిల్లో. రంగనాయకుల గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, జొన్నవాడ కామాక్షమ్మ గుడి దాకా నడుస్తానని అందరికీ చెప్పేశాను. కిలోమీటరుకు వంద చొప్పున ఎనభై మంది పేర్లు రాయించుకున్నారు. అంటే నేనొక కిలోమీటరు నడిస్తే ఎనిమిది వేలు. కండక్టరు బుర్ర గదా, కాలు కదిలినప్పుడల్లా లోపల లెక్క తిరుగుతూనే ఉంది. పెన్న వంతెన దాటి కోవూరు వైపుకు వచ్చేసరికి ఎడమ దవడ పట్టేసినట్టయింది. అప్పుడే ఆగి ఉండాల్సింది. "ఇంకొక్క కిలోమీటరు, ఇంకో ఎనిమిది వేలు" అనుకుని నడిచాను. కాసేపటికి ఒక టీ కొట్టు బెంచీ మీద చొక్కా తడిసిపోయి కూలబడ్డాను. 108 వచ్చింది. మూడు రోజులు ఆస్పత్రి. స్టెంట్లకేమీ కాలేదు గానీ, నా బిల్లు పోగైన డబ్బుకంటే ఎక్కువైంది.

ఎండ తప్పే, నా మొండితనం తప్పే. కానీ అసలు తప్పు "కిలోమీటరుకు ఇంత" అనే ఆ ఒప్పందంలో ఉంది. గుండె ఆగమంటుంటే డబ్బు నడవమంటుంది. అందుకే రెండోసారి దూరానికి డబ్బు కట్టించుకోలేదు, రోజుకు కట్టించుకున్నాను. అయ్యప్ప మాల వేసినట్టు ఒక మండలం, 41 రోజులు. నడవలేక పడుకున్న రోజుకి కూడా డబ్బు వచ్చేటట్టు. ఇక స్టేజీ స్టేజీగా చెప్తాను.

ఒకటో స్టేజీ: డాక్టరు దగ్గర పూర్తిగా చెప్పడం

"వాకింగ్ చేయొచ్చా సార్?" అని అడిగితే ఏ డాక్టరైనా "చేయండి, మంచిదే" అంటాడు. ఆ జవాబు మనకు చాలదు. మీరు ఇంటి చుట్టుపక్కల నాలుగు వీధులు తిరుగుతారని ఆయన అనుకుంటాడు. "నలభై ఒక్క రోజులు, రోజుకు అరగంట, నలుగురూ చూస్తుండగా, విరాళాల కోసం నడుస్తాను" అని చెప్పండి. మా డాక్టరుకు అట్టా చెప్పినప్పుడు ఫైలు మళ్ళీ మొదటి కాగితం నుంచి తిప్పాడు. "పెద్దాయనా, జనం చప్పట్లు కొడితే మీరు ఆగరు, అదీ నా భయం" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు.

ఆయన దగ్గర తేల్చుకోవాల్సినవి ఇవి. ఎకో కొత్తది కావాలా? టీఎంటీ (బెల్టు మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) చేయించాలా? టీఎంటీలో ఈసీజీ మారడం మొదలైతే, ఏ నాడి దగ్గర మారిందో దానికి పది తక్కువలోనే నడవమంటారు. ఆ అంకె చీటీ మీద రాయించుకోండి. ఒంట్లో నీరు చేరే గుండె అయితే రోజుకు ఎన్ని నీళ్ళు తాగొచ్చో అదీ రాయించుకోండి. మామూలువాళ్ళకు చెప్పే "నీళ్ళు బాగా తాగండి" మాట మనలో కొందరికి చెల్లదు.

మాత్రల సంగతి ఒకటి. మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్ళకు నాడి పెద్దగా పెరగదు. నేను ఎంత నడిచినా నాది వంద దాటదు. చేతి గడియారం చూసి "భలే ఫిట్టుగా ఉన్నానే" అని మురిసిపోయాను కొన్నాళ్ళు. అది మాత్ర చేసిన పని. రక్తం పలచన చేసే టికాగ్రెలార్ వాడేవాళ్ళలో కొందరికి ఆయాసం ఆ మాత్ర వల్లే వస్తుంది. వస్తే డాక్టరుకు చెప్పాలిగానీ సొంతంగా ఆపకూడదు. స్టెంటు పడ్డాక రక్తం పలచన చేసే రెండు మాత్రలు మామూలుగా ఏడాదిపాటు ఇస్తారు. పన్ను పీకించుకోవడానికని వాటిని ఆపేసి స్టెంటు మూసుకుపోయినవాళ్ళున్నారు.

కృత్రిమ వాల్వు పడి ఎసిట్రామ్ గానీ వార్ఫరిన్ గానీ మింగేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచనైందో చెప్పే పరీక్ష అంకె) మీ డాక్టరు చెప్పిన హద్దుల్లో ఉన్నప్పుడే ఈ పనికి దిగండి. నడక మొదలుపెట్టిన ఊపులో "ఆరోగ్యం" అని రోజూ గోంగూర, తోటకూర దంచి తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది. ఆకుకూర మానమని కాదు, ఎప్పుడూ తినేంతే తినాలి.

కొందరు అసలు దిగకూడదు: కూర్చున్నా నొప్పి వచ్చేవాళ్ళు, గుండెపోటు వచ్చి వారాలే అయినవాళ్ళు, బృహద్ధమని వాల్వు బాగా ఇరుకై కళ్ళు తిరిగి పడేవాళ్ళు, కాళ్ళవాపు ఇంకా దిగనివాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు. జ్వరమొచ్చిన వారం ఎవరూ నడవకూడదు. మీరు ఈ వరసలో ఉంటే చందా కార్డులు రాసే పని తీసుకోండి. నడిచేవాడికంటే ఆ పని చేసేవాడే దొరకడు.

రెండో స్టేజీ: రెండు నెలల సాధకం

మా డాక్టరు ఆరు నిమిషాల పరీక్ష చేయించాడు. ముప్పై మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిపించి, ఎంత దూరం పోయామో, ఆయాసం ఎంతో రాసుకుంటారు. ఖరీదైన మిషనేమీ అక్కర్లేదు. అది ఆస్పత్రిలోనే చేయించుకోండి, ఇంట్లో ఒంటరిగా కాదు.

రోజువారీకి మాటల పరీక్ష చాలు. పక్కన నడిచేవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా వస్తోందంటే ఇంకాస్త వేగం పెంచొచ్చు. మాట మధ్యలో ఊపిరి తెగుతోందంటే తగ్గించాలి. నెల్లూరులో రాజకీయాలు మాట్లాడకుండా ఎవరూ నడవరు కాబట్టి ఈ పరీక్ష దానంతటదే జరిగిపోతుంది. అయితే రాజకీయాల్లో వాదన ముదిరితే ఆయాసం నడకదా, కోపానిదా అని తెలియదు. నేను ఒక మిత్రుడితో నడవడం అందుకే మానేశాను.

మొదటి వారం రోజుకు పది నిమిషాలు. వారానికి రెండు, మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి అరగంట దరిదాపులకు వస్తుంది. మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ నెమ్మదిగా నడవాలి. గభాల్న ఆగి నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు మరీను. మండలంలో నడిచే సమయం సాధకంలో అలవాటైనదానికంటే తక్కువ ఉండాలి. నేను సాధకంలో నలభై నిమిషాల దాకా పోయాను, మండలంలో అరగంటే నడిచాను, సుమారు రెండు కిలోమీటర్లు.

సాధకం కార్తీకంలో మొదలుపెట్టాను. మన దగ్గర అది వాయుగుండాల కాలం. వాన పడిన రోజు నడక పోతుందని బాధపడకుండా ఖాళీగా ఉన్న కల్యాణ మండపం అడిగి పెట్టుకోండి. ముహూర్తం లేని రోజు వాచ్‌మన్ కాదనడు.

మూడో స్టేజీ: జేబు, తోడు, విజిలు

జేబులో ఒక కార్డు. పేరు, వయసు, స్టెంటా వాల్వా పేస్‌మేకరా, మాత్రల పేర్లు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ళ ఫోను. తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు. ఫోను లాకు వేసి ఉంటే అందులో ఉన్నదేదీ పనికిరాదు, కార్డు కార్డే.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాముల మాత్రలు, డాక్టరు రాస్తేనే. స్ట్రిప్పులోంచి ఊడదీసి కాగితంలో కట్టొద్దు, చెమటకీ వేడికీ చెడిపోతాయి. బండి డిక్కీలో అసలే పెట్టొద్దు. ఛాతీ పట్టేసినట్టుంటే ముందు కూర్చోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి మనమూ పడతాం. ఒకటి నాలుక కింద పెట్టుకుని ఐదు నిమిషాలు చూడాలి. తగ్గకపోతే, పెరుగుతుంటే 108. ఆటో కోసం, అల్లుడి కారు కోసం ఎదురుచూడొద్దు. వయాగ్రా జాతి మాత్రలు వాడేవాళ్ళు సార్బిట్రేట్ ముట్టకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మొహమాటపడి డాక్టరు దగ్గర ఈ సంగతి దాచేవాళ్ళు చాలామంది.

మన ఊళ్ళలో గుండెనొప్పికి పెట్టే మొదటి పేరు గ్యాసు. గోళీ సోడా తాగి, వాము నమిలి గంట పోగొట్టుకుంటారు. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పే రాకపోవచ్చు. చెమట, ఆయాసం, దవడ లాగడం, కడుపులో తిప్పడం, ఇంతే. నాకు వచ్చింది దవడే గదా. నడిచేటప్పుడు వచ్చి, ఆగితే తగ్గే ఏదైనా సరే, ఎక్కడ వచ్చినా సరే, గుండెదే అనుకోండి.

ఇక తోడు. పక్కన ఎప్పుడూ ఒకరుండాలి, వాళ్ళకు ఛాతీ నొక్కే సీపీఆర్ వచ్చి ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మధ్యలో, ఐదారు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కడం అది. బొమ్మ మీద ఒక పూట నేర్పిస్తే వస్తుంది. ఆ తోడుకు మిమ్మల్ని ఆపే అధికారం ఇవ్వాలి, వట్టి మాటగా కాదు. నా పాత డ్యూటీ విజిలు మా ఆవిడ చేతికిచ్చి, "నువ్వు ఊదితే హోల్డాన్, బండి ఆగినట్టే. ఎందుకూ ఏమిటీ అని అడగను" అని పదిమందిలో చెప్పాను. ఆమె మండలంలో రెండుసార్లు ఊదింది. ఒకసారి నా ముఖం పాలిపోయిందని. రెండోసారి ఎవరో ఫోటో తీస్తుంటే నేను వేగం పెంచానని. రెండుసార్లూ ఆమె చెప్పిందే నిజం.

నాలుగో స్టేజీ: డబ్బు నిజంగా దేనికి కావాలి?

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. "పాప ఆపరేషనుకు" అని బోర్డు పెట్టేశాం. ఆపరేషన్ ఉచితంగానే జరుగుతుందని తరవాత తెలిసింది.

పుట్టే పిల్లల్లో వెయ్యికి ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కింది గదుల మధ్య చిన్న రంధ్రాలు కొన్ని పిల్ల ఎదిగేకొద్దీ వాటంతటవే మూసుకుంటాయి. కొన్నిటిని ఛాతీ కోయకుండా, తొడ దగ్గర రక్తనాళం గుండా గొడుగు లాంటి పరికరం పంపి మూస్తారు. కొన్నిటికి ఆపరేషనే దారి. ఏ రంధ్రమో, ఎప్పుడు మూయాలో పిల్లల గుండె డాక్టరు చెప్పకముందే చందాలు మొదలుపెట్టకండి.

ముందు ఉచిత దారులు వెతకండి. అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లల్ని డాక్టర్ల బృందం వచ్చి చూసే సర్కారు కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే 2013 నుంచి ఉంది. ఆ బృందం పట్టుకున్న పిల్లల్ని జిల్లా స్థాయి కేంద్రానికి, అక్కడినుంచి పెద్దాస్పత్రికి పంపుతారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. దాని నెట్‌వర్క్ ఆస్పత్రిలో రోగులకు దారి చెప్పే వైద్యమిత్ర బల్ల ఉంటుంది, 104కి ఫోను చేసినా చెప్తారు. తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరులో మొదలైంది. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో సత్యసాయి ఆస్పత్రి 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. మా పాపకు తిరుపతిలో కుదిరింది.

మరి డబ్బెందుకు? టైలరుతో కూర్చుని కాగితం మీద రాసినప్పుడు తెలిసింది. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, కాళహస్తి మీదుగా తిరుపతికి బస్సులో మూడు గంటల పైమాట. చూపించడానికి, పరీక్షలకు, చేర్పించడానికి, తరవాత రివ్యూలకు ఎన్ని తడవలో లెక్కేయండి. తల్లి పాప పక్కన, తండ్రి బయట అద్దె గదిలో. ఇద్దరి తిండి. ఇంట్లో పిల్లవాణ్ణి చూసుకోవడానికి వచ్చిన అవ్వ ఖర్చు. అన్నిటికంటే పెద్దది, మిషను ఆగిన రోజులు. పండగ ముందు నెల టైలరు మిషను ఆగితే ఆ ఏడాది ఆదాయమే పోయినట్టు. వీటిలో చాలావాటికి ఏ కార్డూ ఒక రూపాయి ఇవ్వదు. మేము "ఆపరేషను" అన్న మాట కొట్టేసి, "దారి ఖర్చులు, కూలి పోయిన రోజులు" అని రాశాం. చందా తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. కూలి పోవడమంటే ఏందో తెలియని ఇల్లు మా వీధిలో లేదు.

ఇంకో కాగితం పని: ఆధార్లో పాప పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే అది ముందు సరిచేయించండి. చందాల కంటే ముందు.

పాప ఫోటో ఫ్లెక్సీ మీద వేయొద్దు. దీని మీద మాత్రం నేను ఎవరితోనైనా పోట్లాడతాను. రంధ్రం మూశాక ఆ పిల్ల అందరి మాదిరే బడికి పోతుంది, ఆడుతుంది, ఒకనాడు సంబంధాలు చూస్తారు. "ఆ గుండె జబ్బు పిల్ల గదా" అనే మాట ఆమె వెనకాల ముప్పై ఏళ్ళు తిరగడానికి మన ఫ్లెక్సీ కారణం కాకూడదు. పేరు కూడా వద్దు. "మన వీధి పాప" చాలు.

ఐదో స్టేజీ: పాల కార్డు లాంటి చందా కార్డు

అట్ట ముక్క మీద 41 గళ్ళు, పాలవాడి కార్డు మాదిరి. రోజుకు పది రూపాయలు. మండలానికి 410. వందమంది చేరితే 41,000. పది కంటే ఎక్కువ అడగొద్దు. వెయ్యి అడిగితే "చూద్దాం లే అన్నా" అంటారు, పది అడిగితే "రాసుకో" అంటారు. కొందరు 410 ఒకేసారి ఇచ్చేస్తారు, అది ఇంకా మంచిది. వెంటపడి వసూలు చేసే శ్రమ గుండెకు నడకకంటే చేటు.

గడిలో రెండే గుర్తులు: నడిచిన రోజు "న", విశ్రాంతి రోజు "వి". రెంటికీ పదే. ఈ నియమం చెప్పినప్పుడు ఒక పాత డ్రైవరు మిత్రుడు అడిగాడు: "పాలు పోయని రోజుకు పాలవాడికి డబ్బులిస్తామా అన్నా?" నిజమే, ఇవ్వం. నేను అన్నాను, "నువ్వు కొనేది నా నడక కాదబ్బాయ్, ఆ పాప రోజులు. నేను పడుకున్న రోజు ఆ పాపకు ఆకలి వెయ్యదా?" కాసేపు చూసి రెండు కార్డులు తీసుకున్నాడు.

విశ్రాంతి మొహమాటంతో మానేసే పని కాకుండా ముందే కార్డు మీద అచ్చువేయండి. నేను ప్రతి సోమవారం వీక్లీ ఆఫ్ పెట్టుకున్నాను. 1930లో దండికి 24 రోజులు నడిచిన గాంధీ గారు కూడా సోమవారాలు నడవలేదు. ఆయనకప్పటికి అరవై నిండాయి. ఆ పోలిక తెచ్చానని మా ఆవిడ నవ్వింది గానీ, కార్డు మీద సోమవారాలు మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు. సోమవారాలు కాక నాలుగు సీఎల్ కూడా రాసుకున్నాను, ఒంట్లో నలతగా ఉంటే వాడుకోవడానికి. మూడు వాడాను.

ఆరో స్టేజీ: డబ్బు ఎవరి ఖాతాలో?

మీ సొంత ఖాతా క్యూఆర్ పెట్టొద్దు. బంధువులు కానివాళ్ళ దగ్గర నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు 50,000 దాటితే మొత్తం మీద ఆదాయపు పన్ను లెక్కకు వస్తుంది. పన్ను సంగతి అటుంచినా, నలుగురి డబ్బు మన పింఛనుతో కలిసిపోతే రేపు ఏ రూపాయి ఎవరిదో మనమే చెప్పలేం. నమోదైన, 80జీ (ఇచ్చినవాళ్ళకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికే అనుమతి) ఉన్న సేవాసంస్థ ఏదైనా మీ ఊళ్ళో ఒప్పుకుంటే వాళ్ళ ఖాతాలోకే నేరుగా వేయించడం మేలు. 80జీ మినహాయింపు కావాలనేవాళ్ళకు రసీదు సంస్థవాళ్ళే ఇస్తారు, విడి మనిషి ఇవ్వలేడు. నగదుగా ఇచ్చింది 2,000 దాటితే ఆ మినహాయింపు రాదు. మొత్తం పెద్దదిగా ఉంటే ఒక ఆడిటరుకు అరగంట చూపించండి.

నెల్లూరు, ఒంగోలు వైపు ప్రతి వీధికీ అమెరికాలో ఒకరుంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళది విదేశీ విరాళం కింద లెక్క. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేకుండా మనం తీసుకోకూడదు. మా పెద్దమ్మ మనవడు డాలర్లు పంపుతానంటే, "ఇక్కడున్న మీ నాన్నను తన డబ్బుతో కార్డు తీసుకోమను" అన్నాను.

నగదు ఇచ్చేవాళ్ళకు అక్కడికక్కడే చిన్న రసీదు. లెక్క పుస్తకం రోజూ ముగించాలి. మా ఉద్యోగంలో స్టేజీ దాటేలోపు టికెట్ల లెక్క రాసే ఎస్సార్ షీటు మూసేవాళ్ళం, చెకింగు ఎక్కడ ఎక్కుతుందో తెలియదు గనక. ఆ భయం ఇక్కడా ఉంచుకోండి.

ఏడో స్టేజీ: ఎప్పుడు, ఎక్కడ

రోహిణి కార్తె ఎండలు కాసే మన ఊరిలో వేసవి నడక మాటే వద్దు. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్ళకు ఎండలో ఒంట్లో నీరూ లవణాలూ పోయి నాడి తప్పుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. మిగిలింది జనవరి, ఫిబ్రవరి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మనకెందుకు? ముక్కనుమ నాడు మొదలుపెడితే ఫిబ్రవరి ఆఖరి వారానికి మండలం నిండుతుంది. సూర్యుడు వచ్చాకే బయలుదేరాలి, మంచులో వద్దు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి.

రోడ్డు వద్దు, గ్రౌండు కావాలి. హైవే మీద లారీలు, వీధుల్లో కుక్కలు. రక్తం పలచన చేసే మాత్ర మింగేవాడు కుక్కకు బెదిరి బోర్లా పడితే మోకాలి గాయం కూడా పెద్ద కథవుతుంది. గ్రౌండులో ఎక్కడ ఆగినా కూర్చోవడానికి చోటుంది, 108 లోపలిదాకా వస్తుంది. బడిదో కాలేజీదో అయితే హెడ్మాస్టరుకో ప్రిన్సిపాలుకో ఉత్తరం ఇవ్వండి. గుంపుగా ఊరేగింపులా నడవాలనుకుంటే స్టేషనుకు ముందే రాసివ్వాలి. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్న రోజుల్లో అనుమతి లేకుండా కుదరదు. మైకు పెడితే దానికి వేరే అనుమతి. మైకు పెట్టొద్దనే నా సలహా.

ఎనిమిదో స్టేజీ: ఆ 41 పొద్దులు

లేవగానే మూత్రానికి పోయొచ్చి బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజు "వి" రాసి డాక్టరుకు ఫోను చేయండి. ఏ మాత్ర ఎప్పుడో డాక్టరు చెప్పినట్టే, నడక కోసం ముందుకూ వెనక్కూ జరపొద్దు. షుగరు మాత్ర, ఇన్సులిన్ వాడేవాళ్ళు వట్టి కడుపుతో నడవొద్దు. ఒక ఇడ్లీ, లేదంటే సగం అరటిపండు. కడుపునిండా తింటే రెండు గంటలు ఆగాలి.

ఉప్పు దగ్గర నెల్లూరు మనిషికి కష్టమే. రోజంతటికీ ఐదు గ్రాముల లోపు ఉండాలంటారు, అంటే ఒక చెంచా. ఆవకాయ, ఎండు చేప, అప్పడం కలిసొచ్చిన పూట ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది. నడిచొచ్చాక "చెమట పోయింది గదా" అని ఉప్పు మజ్జిగ ఇస్తారు, ఉప్పు లేనిది అడగండి. చేపల పులుసు నేను మానలేదు. ముక్కలు తిని పులుసు తగ్గించాను, ఉప్పంతా అందులోనే గదా ఉండేది.

మధ్యలో ఆపాల్సిన గుర్తులు కార్డు వెనక అచ్చువేశాం: ఛాతీలో గానీ దవడలో గానీ చేతిలో గానీ బరువు, మాట రానంత ఆయాసం, కళ్ళు చీకటి కమ్మడం, నాడి గతి తప్పి దడ. చందా ఇచ్చినవాళ్ళకు కూడా ఇవి తెలియడం మంచిదైంది. పంతొమ్మిదో రోజు నేను ఆగి బెంచీ మీద కూర్చుంటే, "ఏమైందన్నా" అని ఎవరూ కంగారుపడలేదు. "వి రాసుకుంటాంలే" అన్నారు.

పాతికో రోజు దాటాక జనం పలచబడతారు. మొదటి రోజు నలభై మంది వచ్చారు, ముప్పయ్యో రోజు నేనూ మా ఆవిడా ఒక కుర్రాడూ. దీన్ని మనసుకు తీసుకోవద్దు. కార్డులు నడుస్తున్నాయా లేదా అదే చూడండి. ఆఖరి రోజు హంగామా వద్దని పెన్న ఒడ్డున పల్లిపాడుకు బస్సులో పోయాం. 1921 ఏప్రిల్ 7న గాంధీ గారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది అక్కడ. ఆ ఆవరణలోనే చివరి అరగంట నడిచాను.

తొమ్మిదో స్టేజీ: లెక్క దింపడం

ఎంత వచ్చింది, ఎవరికి ఏ తేదీన ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది, ఒక కాగితం మీద. ఇచ్చినవాళ్ళ పేరు పక్కన మొత్తం రాయొద్దు, పది ఇచ్చినవాడు నొచ్చుకుంటాడు. కార్డు నంబరు చాలు. టైలరు కుటుంబానికి ఒకేసారి ఇవ్వలేదు. తడవకు ముందు ఆ తడవ ఖర్చు, ఆగిన మిషనుకు వారం వారం. ఇలా ఇద్దామని టైలరే అడిగాడు. ఒక్కసారి చేతిలో పెడితే అప్పులవాళ్ళు ముందొస్తారని ఆయనకు తెలుసు. మిగిలింది ఆపరేషను తరవాతి రివ్యూల కోసం సంస్థ ఖాతాలోనే ఉంచాం.

మండలం అయ్యాక వారంలోపు మీరూ డాక్టరుకు చూపించుకోండి. ఈసారి నా పంపింగు పెరగలేదు, తగ్గలేదు. "నడక ఆపకండి, ప్రకటనలు ఆపండి" అన్నాడు మా డాక్టరు.

నలభై రెండో రోజు అదే వేళకు మెలకువ వచ్చింది. మా ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుని గడపలో నిలబడి ఉంది, విజిలు చీర కొంగుకు ముడేసుకుని.